సశేషం

వారపత్రికలలో ధారావాహికలు చదివి పెరిగిన పాఠకునికి ‘సశేషం’ అనే మాట బాల్యం నుండి పరిచితమే. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు పుట అడుగున ఆ మాట కనబడుతుంది. పాఠకుడు నిట్టూర్చి పత్రిక మడిచిపెడతాడు. ఆ వారమంతా కథ అతనితోనే తిరుగుతుంది. భోజనానికి కూర్చున్నప్పుడు, బండి కోసం నిలుచున్నప్పుడు, నిద్ర పట్టని వేళ, తరువాత ఏమి జరుగునో అతడే ఊహించుకొంటాడు. పురాణం చెప్పే పౌరాణికుడు ఈ మర్మం ఏనాడో ఎరిగినవాడు. అభిమన్యుడు పద్మవ్యూహం చొచ్చిన చోట గ్రంథం మూసి, మంగళం పాడి, మిగిలినది రేపు అని లేచిపోయేవాడు. శ్రోతలకు ఆ కథ తెలిసినదే. తెలిసియు వారు రేపటి కోసం ఎదురుచూచేవారు.

ఆ ఎదురుచూపు వెనుక ఒక ధైర్యం ఉండేది. రేపు సాయంకాలం పౌరాణికుడు వస్తాడు. వచ్చే శుక్రవారం పత్రిక వస్తుంది. సశేషమని చెప్పిన కథకుడు తిరిగి ఎప్పుడు వచ్చునో చెప్పకుండ వెళ్ళిపోయినచో వినేవాని గతి ఏమి? జపానులో ఒక హాస్యకథను ప్రేమించిన ప్రేక్షకులకు ఈ ప్రశ్న పదిహేనేండ్లకు పైగా అనుభవమైనది. వారు ఎదురుచూచిన కొనసాగింపు ఒకసారి వచ్చినది కూడా. వచ్చినప్పుడు వారు దానిని గుర్తించలేకపోయినారు.

ఆ కథ పేరు ‘హరుహి సుజుమియా దిగులు’. నగారు టనిగావా రచించిన ఈ నవల 2003లో వెలువడినది. హైస్కూలులో మొదటి దినమున విద్యార్థులు ఒక్కొక్కరుగా లేచి తమను పరిచయం చేసికొంటున్నారు. హరుహి అనే బాలిక వంతు వచ్చినది. సామాన్య మానవులతో తనకు పని లేదని, ఆ గదిలో గ్రహాంతరవాసులు గాని, భవిష్యత్తు నుండి వచ్చినవారు గాని, అతీంద్రియ శక్తులు కలవారు గాని ఉన్నచో తన వద్దకు రావలసినదని ఆమె గంభీరంగా ప్రకటించినది. తరగతి నిర్ఘాంతపోయినది. ఆమె ముందు బల్లపై కూర్చున్న కుర్రవాడు వెనుదిరిగి చూచినాడు. అతనిని అందరూ క్యోన్ అంటారు; అసలు పేరేమో కథలో ఎక్కడా చెప్పరు. కథ చెప్పేవాడు అతడే.

హరుహి ఒక దళాన్ని స్థాపిస్తుంది. ప్రపంచంలోని వింతలను వెదకి పట్టి వాటితో ఆడుకొనుట ఆ దళం ఆశయం. క్యోనును చొక్కా పట్టి లాక్కొని వస్తుంది. గది మూలలో పుస్తకం చదువుకొనే మితభాషిణి యుకి నగాటోను గదితోపాటు స్వాధీనం చేసికొంటుంది. మికురు అసహినా అనే పిరికి బాలికను, ఇత్సుకి కోయిజుమి అనే చిరునవ్వుల కుర్రవానిని చేర్చుకొంటుంది. తరువాత క్యోనుకు ఒక్కొక్కరే చాటుగా తమ రహస్యం చెబుతారు. నగాటో అంతరిక్షంలోని ఒక మహాబుద్ధి సృష్టించి పంపిన ప్రాణి. అసహినా భవిష్యత్తు నుండి వచ్చినది. కోయిజుమికి అతీంద్రియ శక్తులున్నవి. హరుహి తనకు తెలియకుండగనే ప్రపంచాన్ని తన ఇచ్ఛ ప్రకారం మార్చివేయగలదని, ఆమెకు విసుగు పుట్టకుండ కనిపెట్టి ఉండుటకే తామందరం వచ్చినామని వారు అంటారు. హరుహికి మాత్రం ఈ సంగతి తెలియదు. తాను ఎవరి కోసం ఎదురుచూచుచున్నదో వారి నడుమనే కూర్చుండి, వారికి పనులు పురమాయించుచు, ఈ లోకంలో వింతలు లేవని దిగులుపడుతుంది. కథలోని హాస్యమంతయు ఇక్కడిదే.

జపాను వారు బొమ్మల చలనచిత్రాన్ని అనిమే అంటారు. క్యోటో యానిమేషన్ అనే సంస్థ ఈ నవలను అనిమేగా మలచినది. దర్శకుడు తత్సుయా ఇషిహారా. 2006 ఏప్రిల్ నుండి జూలై వరకు 14 భాగాలు టెలివిజనులో వచ్చినవి. అవి కథాక్రమంలో రాలేదు. మొట్టమొదటి వారం ప్రేక్షకులు చూచినది హరుహి దళం తీసిన ఒక చలనచిత్రం. కెమేరా వణకుతుంది, నటులకు సంభాషణలు రావు, కథకు తల లేదు, తోక లేదు. ఆ చేతగానితనాన్ని గొప్ప చేతనైనవారు అతి శ్రద్ధతో చిత్రించినారని గ్రహించిన తరువాత ప్రేక్షకుడు నవ్వి, పై వారం కోసం కూర్చున్నాడు. ప్రతి భాగం చివర రాబోవు భాగం సంఖ్యను హరుహి ఒకటి చెబితే, క్యోన్ మరొకటి చెప్పేవాడు. ఆమెది కథాక్రమం, అతనిది ప్రసారక్రమం. ముక్కలను జతపరచుకొనే పని ప్రేక్షకునికి వదలినారు. అతడు ఆ పనిని సంతోషంగా చేసినాడు. చివరి పాటకు దళం ఐదుగురూ ఆడిన నాట్యాన్ని దేశదేశాల యువజనులు నేర్చుకొని వీధులలో ఆడినారు.

జూలైలో ప్రసారం ముగిసినది. నవలలలో కథ ఇంకను చాలా ఉన్నది గనుక కొనసాగింపు తప్పదని అందరూ నమ్మినారు. 2007 జూలైలో రెండవ భాగం రాగలదని ప్రకటన వెలువడినది. దాని తరువాత ఆ సంవత్సరం గడచినది, మరుసటి సంవత్సరం కూడ గడచినది. అదే 2007 ఏప్రిల్‌లో వచ్చిన తొమ్మిదవ సంపుటి కథ మధ్యలోనే ఆగినది. ఆ విధంగా గ్రంథమందును తెరమీదను ఒకేసారి సశేషమైనది. 2006లో హరుహి ఈడువాడైన ప్రేక్షకుడు 2009 నాటికి హైస్కూలు ముగించి కళాశాలలోనో, కొలువులోనో చేరినాడు. హరుహి మాత్రం హైస్కూలు మొదటి తరగతిలోనే ఉన్నది.

2009 ఏప్రిల్‌లో పాత భాగాలను, ఈసారి కథాక్రమంలో, తిరిగి ప్రసారం చేయసాగినారు. మే నెలలో ఒకనాడు, ముందుగా చాటింపు లేకుండగనే, వాటి నడుమ ఒక కొత్త భాగం వచ్చినది. అది తనబత పండుగ కథ. జూలై 7వ తేదీన జపాను వారు కోరికలను కాగితపు ముక్కలపై వ్రాసి వెదురుకొమ్మలకు కట్టుతారు. పాలవెల్లికి ఇరుగట్ల విడిపోయిన నేతకన్య, పశులకాపరి ఏడాదికి ఒకసారి కలిసికొనే దినమది. ఆ ఇద్దరు తెలుగువారికి అభిజిత్తు, శ్రవణం అనే నక్షత్రాలు. హరుహి లెక్క గట్టిది. ఒక నక్షత్రం 25 కాంతి సంవత్సరాల దూరంలోను, రెండవది 16 కాంతి సంవత్సరాల దూరంలోను ఉన్నది గనుక విన్నపం అక్కడికి చేరుటకే అన్నేండ్లు పడుతుంది. కాబట్టి 16 ఏండ్లకు, 25 ఏండ్లకు తరువాత ఏమి కావలెనో ఆలోచించి వ్రాయుడని దళాన్ని ఆజ్ఞాపించినది. ఆ రోజుననే క్యోన్, అసహినా వెంట మూడేండ్లు వెనుకటి కాలానికి పోయి, తిరిగి వచ్చే దారి లేక, నగాటో ఇంటి తలుపు తట్టుతాడు. ఆమె వారిద్దరిని ప్రక్క గదిలో నిద్రపుచ్చి, మూడేండ్లు అట్లే కాపాడి, తగిన దినమున లేపుతుంది. క్యోనుకు అది కన్నుమూసి తెరచినంత సేపు. గోడకు ఇవతల నగాటోకు అది నిజంగా మూడేండ్లు. 2006 నుండి 2009 వరకు తానే ఎదురుచూచినానని అనుకొన్న ప్రేక్షకుడు ఆ గోడను గమనించలేదు. కొత్త భాగం వచ్చినదన్న ఆనందంలో ఉన్నాడు.

జూన్‌లో వచ్చినది ‘అంతులేని ఎనిమిది’. ఎనిమిది అనగా ఎనిమిదవ నెల, ఆగస్టు. మొదటి వారం కథ సుఖంగా సాగినది. వేసవి సెలవులు ఇక రెండు వారాలే ఉన్నవి. హరుహి చేయవలసిన పనుల జాబితా వ్రాసి అందరిని పరుగెత్తిస్తుంది. ఈతకొలను, ఉత్సవంలో నాట్యం, బాణసంచా, కీచురాళ్ళను పట్టుట, కప్పవేషాలు ధరించి కూలిపని, మేడమీద నక్షత్ర దర్శనం. ఆగస్టు 30న కాఫీశాలలో జాబితాలోని పనులన్నీ కొట్టివేయబడతవి. హరుహి లేచి వెళ్ళిపోతుంది. ఆమెకు ఏదో చెప్పవలసి ఉన్నదని క్యోనుకు తోస్తుంది, ఏమిటో తోచదు. ఆమె గడప దాటుతుంది.

రెండవ వారం అదే కథ తిరిగి వచ్చినది. అదే కొలను, అవే కీచురాళ్ళు. ఈసారి రహస్యం బయటపడినది. హరుహికి సెలవులు ముగియుట ఇష్టం లేదు. అందుచేత ఆగస్టు 31 ముగియగానే కాలం 17కు మరలిపోవుచున్నది. ఎవరికిని జ్ఞాపకం ఉండదు. ఇది 15,498వ సారి అని నగాటో చెప్పినది. ప్రేక్షకుడు ముచ్చటపడి, వచ్చే వారం ఈ చిక్కు ఎట్లు విడునో చూడవలెననుకొన్నాడు. మూడవ వారం అదే కథ వచ్చినది. నాలుగవ వారమూ, ఐదవ వారమూ అదే. క్యోన్ ప్రతిసారి కాఫీశాలలో లేవబోయి కూర్చున్నాడు. జూన్ 19 నుండి ఆగస్టు 7 వరకు, ఎనిమిది వారాలు, ఒకే కథ. మూలంలో అది ఒక చిన్నకథ మాత్రమే.

ప్రేక్షకులకు వచ్చిన కోపం సామాన్యమైనది కాదు. మూడేండ్లు ఆకలితో ఉన్నవానికి విస్తరి వేసి, ఒక్క పదార్థమే ఎనిమిదిసార్లు వడ్డించినట్లయినది. ఆ మూల్యంతో నవలలోని ఎన్ని ఘట్టాలను తెరకెక్కించవచ్చునో వారు లెక్కలు గట్టినారు. ఇది మోసమన్నారు, సోమరితనమన్నారు. సోమరితనమన్న నింద నిలువదు. ఆ ఎనిమిది భాగాలలో ఒక్కదానిని మరొకదానికి నకలుగా తీయలేదు. ప్రతిదానికి బొమ్మలు మరల గీచినారు. ప్రతిదానికి నటులు మరల వచ్చి అవే మాటలు పలికినారు. దుస్తులు మారినవి, చూపుకోణం మారినది. ఒకే ఆగస్టును ఎనిమిదిసార్లు కొత్తగా శ్రమించి నిర్మించినారు. దానిని దండగ శ్రమ అనవచ్చును. సోమరితనమనుటకు మాత్రం వీలు లేదు.

కోపంలో ఉన్నవాడు తెరపై ఒక మూలను చూడలేదు. ఆ మూలలో నగాటో ఉన్నది. మిగిలిన నలుగురికి ప్రతి ఆగస్టు కొత్తదే. మరచిపోవుట అనే వరం వారికి ఉన్నది. అన్నియు జ్ఞాపకమున్నది నగాటో ఒక్కతెకే. చివరిదైన ఎనిమిదవ భాగంలో ఆ సంఖ్య 15,532కు చేరినది. రెండేసి వారాల లెక్కన అది దాదాపు 595 సంవత్సరాలు. అదే కొలను ఒడ్డున కూర్చున్నది, అదే ఉత్సవంలో నడచినది. గమనించుటయే తన విధి గనుక ముందుగా తానై ఏమియు అనలేదు. అడిగినప్పుడు మాత్రం సంఖ్య చెప్పినది. ఎనిమిది వారాలకే సహనం నశించిన ప్రేక్షకుని ముందు, 595 ఏండ్ల సహనం గలది మౌనంగా కూర్చున్నది.

ఆ చిక్కు విడిన తీరు మరింత వింతగా ఉంటుంది. గ్రహాంతర శక్తి గాని, భవిష్యత్తు యంత్రం గాని దానిని విడదీయలేదు. ఎనిమిదవ వారం, హరుహి కాఫీశాల నుండి వెళ్ళబోవుచుండగా, క్యోనుకు తన సెలవుల పాఠం మిగిలిపోయినదని తట్టినది. మరునాడు అందరం మా ఇంట కూర్చుండి ఆ లెక్కలు, వ్రాతలు పూర్తి చేయుదమని కేక వేసినాడు. హరుహి జాబితాలో లేనిది ఆ ఒక్కటే. స్నేహితులందరూ ఒక బల్ల చుట్టు చేరి, మిగిలిన పనిని కలిసి ముగించినారు. మరునాడు సెప్టెంబరు వచ్చినది. శేషంతో కూడినది సశేషం. ఆ శేషాన్ని పదిమంది పంచుకొని పూర్తి చేయుటయే కొనసాగింపు అని ఆ హాస్యకథ, ఒక బడిపిల్లవాని ఇంటిపని నెపంగా, చెప్పినది.

ఆ ఎనిమిది వారాల విలువ 2010 ఫిబ్రవరిలో విడుదలైన ‘హరుహి సుజుమియా అదృశ్యం’ అనే చలనచిత్రంలో తెలిసినది. ఇషిహారా సర్వపర్యవేక్షణలో దానికి దర్శకత్వం వహించినవాడు యసుహిరో టకెమోటో. నిడివి రెండు గంటల నలభై నిమిషాలకు పైన. డిసెంబరు 18న క్యోన్ బడికి వచ్చేసరికి హరుహి లేదు; ఆమె ఎవరో కూడ తరగతిలో అతడు అడిగినవారికి తెలియదు. దళం గదిలో నగాటో ఒక్కతె ఉన్నది. ఆమె ఇప్పుడు సిగ్గరి అయిన సామాన్య బాలిక. అతనిని చూచి ఎర్రబడుతుంది. ప్రపంచాన్ని అట్లు మార్చినది ఎవరో కాదు, నగాటోయే. లెక్కకు అందని ఆగస్టులను ఒంటరిగా మోసి మోసి ఆమెలో ఏదో పగిలినది. తనకు పేరు పెట్టుకొనుటకైనను చేతకాని బాధ ఆమె చేత ఒక కొత్త లోకాన్ని చేయించినది. క్యోన్ తుదకు గొడవతో కూడిన తన పాత లోకాన్నే ఎన్నుకొంటాడు. ఆ గొడవయే తనకు ఇష్టమని అంతవరకు ఒప్పుకొననివాడు ఆనాడు ఒప్పుకొంటాడు. కాని నగాటోను ఒంటరిగా విడిచిన తప్పును కూడ అతడు తెలిసికొంటాడు.

ఎనిమిది వారాలు కోపంతో కూర్చున్న ప్రేక్షకునికి ఆ మందిరంలో నగాటో అలసట లెక్కల వలన తెలియవలసిన అవసరం లేకపోయినది. అతడు దానిలో ఇసుక రేణువంత తానును మోసినాడు. తనకు అక్కరలేదని త్రోసివేసిన భాగాలే ఈ చిత్రానికి పునాది అని అతనికి అప్పుడు తెలిసినది. హరుహి తన గదిలోనే ఉన్న వింతలను చూడనట్లు, అతడును తన ఎదుటికి వచ్చిన కొనసాగింపును చూడలేదు.

తరువాత తిరిగి ఎదురుచూపు. నవలలో ఆగిన కథ 2011 మేలో రెండు సంపుటాలుగా వచ్చినది. మరి తొమ్మిదేండ్లకు, 2020 నవంబరులో, ఇంకొక సంపుటం. 2024 నవంబరులో మరొకటి. నగాటో కథానాయికగా వేరొక సంస్థ నిర్మించిన ఉపకథ 2015లో టెలివిజనులో వచ్చినది. ప్రధాన కథకు మాత్రం 2010 చిత్రం తరువాతి పదిహేనేండ్లలో తెరమీద కొనసాగింపు రాలేదు. మూడవ భాగం ఎప్పుడని అడుగుట ప్రేక్షకులలో ఒక వాడుక అయినది, తరువాత ఒక పరిహాసమైనది. ఆ అడుగుటలో, బాకీ వసూలు చేసికొనేవాని కంఠస్వరం కొంత ఉండేది.

2019 జూలై 18న క్యోటోలోని ఫుషిమి ప్రాంతంలో ఆ సంస్థ చిత్రశాలకు ఒకడు నిప్పు పెట్టినాడు. 36 మంది మరణించినారు. వారిలో టకెమోటో ఉన్నాడు, వయస్సు 47. హరుహికి, క్యోనుకు, నగాటోకు తెరమీది రూపురేఖలు కల్పించిన షోకో ఇకెడా కూడ ఉన్నది, వయస్సు 44. ప్రతి ఆగస్టును మరల గీచిన చేతులు ఎవరివో ప్రేక్షకుడు అంతవరకు అడిగి ఎరుగడు. పేర్లు చిత్రం చివర తెరమీద పైకి పోవుచుండగా అతడు పాట విన్నాడు. ఆ పేర్లను ఇప్పుడు వార్తలలో ఒక్కొక్కటిగా చదివినాడు. రెండు భాగాల నడుమ ఖాళీ అని తాను అనుకొన్న కాలంలో అక్కడ మనుష్యులు బల్లల ముందు కూర్చుండి, ఇతర కథలు గీచుచు, జీవించుచు ఉండినారని అతనికి ఆనాడు తెలిసినది. మూడవ భాగం ఎప్పుడన్న ప్రశ్న చాలామంది నోట ఆ దినాలలో ఆగిపోయినది.

టకెమోటో 2017లో మరొక హాస్యకథకు దర్శకత్వం వహించి ఉండెను. ఒక కార్యాలయ ఉద్యోగిని ఇంట దాసిగా చేరిన ఒక మహాసర్పం కథ అది. దాని రెండవ భాగం 2021 జూలైలో ప్రసారమైనది. మిత్రుడు విడిచిన పనిని దర్శకుడుగా చేపట్టినవాడు ఇషిహారా. పేర్ల పట్టికలో ఇషిహారా పేరు దర్శకుడని, టకెమోటో పేరు ఆ కథామాలకు దర్శకుడని, రెండును వేసినారు. అట్లే 2024లో వచ్చిన ఒక సంగీత బృందపు కథ మూడవ భాగంలో, పాత్రల రూపకల్పన వద్ద షోకో ఇకెడా పేరు నిలిచి ఉన్నది. ఆ భాగాలు విషాదగీతాలు కావు. మొదటిది మొదటివలెనే నవ్వించినది. మిగిలినవారు బల్ల చుట్టు చేరి, మిగిలిన పనిని ముగించినారు.

హరుహి కథకు అట్టి దినం వచ్చునో రాదో. 2009లో ఆ తనబత కథ చూచిన రాత్రి, ఆమె లెక్క ననుసరించి, ఒక ప్రేక్షకుడు తన కోరికను కూడ ఆకాశానికి పంపి ఉండినచో, అది శ్రవణ నక్షత్రానికి చేరుటకు 2025 రావలెను. అభిజిత్తుకు చేరుటకు 2034. ఆనాడు అతడు తప్పక మూడవ భాగాన్నే కోరి ఉండును. పదహారేండ్లు గడచిన తరువాత, తల నెరసిన ఆ మనిషి ఒక జూలై రాత్రి మేడ ఎక్కి పాలవెల్లికి ఇరువైపుల చూచినచో, ఆ గీచిన చేతులనే మొదట తలచుకొంటాడు. పాత కోరికను మాత్రం వెనుకకు పిలువడు. అది దారిలో ఉన్నది.